మీద పొడి, కింద తడి

నత్త పోలీస్ స్టేషన్ మెట్లెక్కేసరికి ఇన్‌స్పెక్టర్ కేసు ముగించేసి టీ తాగుతున్నాడు.

"రండి నత్తగారూ, రండి. పెళ్ళి అయిపోయింది. పందిరి కూడా విప్పేశాం."

ఆ డిటెక్టివ్‌కి నత్త అని పేరు పెట్టింది ఈ ఇన్‌స్పెక్టరే. ఏ కేసైనా నేలని రాసుకుంటూ పోతాడని. డిటెక్టివ్ కోపం తెచ్చుకోలేదు. నత్త పోయిన దారిలో తడి గీతైనా మిగులుతుంది, సుడిగాలి పోయిన దారిలో చెత్త తప్ప ఏం మిగులుతుంది అన్నాడు. అంతే, ఇన్‌స్పెక్టర్‌కి సుడిగాలి అనే పేరు స్టేషన్ గోడలకి కూడా తెలిసిపోయింది.

"ముగిసిందంటే?" అన్నాడు నత్త.

"హంతకురాలు లోపల ఉంది. శవం పొలంలో ఉంది. తవ్వడానికి జేసీబీ బయల్దేరింది. ఇంకేం కావాలి?"

"శవాన్ని చూశారా?"

"తవ్వితే కనబడుతుంది."

ఇంకా తవ్వని శవానికి హంతకురాలు దొరకడం నత్త సర్వీసులో ఇదే మొదలు.

విషయం ఇది. యూనివర్సిటీలో నేలల శాస్త్రం చెప్పే ముసలి ప్రొఫెసర్ మొన్న సాయంత్రం నుంచి కనబడటం లేదు. ఆయన ఫోను, సంచి పరిశోధన పొలం పక్కనున్న షెడ్డులో దొరికాయి. పొలంలో ఆయన శిష్యురాలు నేల పొరలు చూడటానికి తవ్విన నిలువు గొయ్యి ఒకటుంది. తెల్లారి చూస్తే అది పూడ్చేసి ఉంది. ఆ శిష్యురాల్ని నిన్న ఉదయమే పట్టుకొచ్చి ఇక్కడ కూర్చోబెట్టారు.

ఆ పిల్ల మేనత్త నత్తకి చిన్నప్పుడు ఒకే బడిలో చదివిన మనిషి. కుట్టుమిషను తొక్కుతూ ఆ పిల్లని పెంచింది. నిన్న సాయంత్రం వచ్చి, "అన్నయ్యా, నువ్వు మాట్లాడవు, తెలుసు. మాట్లాడొద్దు. వచ్చి చూడు" అంది. అందుకే వచ్చాడు.

ఆవిడ ఇప్పుడు కూడా స్టేషన్ బెంచీ మీదే ఉంది. లెమ్మన్నవాళ్ళే అలిసిపోయి ఊరుకున్నారు.

లోపల గదిలో పిల్ల మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. నత్త కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని, చాలాసేపు ఆ చేతులనే చూశాడు. గోళ్ళ సందుల్లో ఎండిన మట్టి ఉంది.

"చూశారుగా. ఆ గోతిలో మట్టే అది," అన్నాడు ఇన్‌స్పెక్టర్ గుమ్మంలోంచి.

"మట్టి చదువు చదివే పిల్ల గోళ్ళలో మట్టి కాక మీగడ ఉంటుందా, బాబూ?" బెంచీ మీద నుంచి మేనత్త గొంతు.

"ఇంకొకటుంది. మొన్న పొద్దున ల్యాబ్‌లో అందరి ముందూ ఈమె ఆయనతో ఏమందో అడగండి."

పిల్ల తల దించుకుంది. "ఇంకోసారి తవ్వమన్నారంటే మిమ్మల్నే అందులో పూడ్చేస్తాను సార్, అన్నాను."

"నవ్వుతూనా?" అన్నాడు నత్త.

"సారు నవ్వారు. నేను నవ్వలేదు. అప్పటికి నాలుగుసార్లు తవ్వాను, పెదనాన్నా."

నత్త మీసం కింద పెదవి కొంచెం కదిలింది. "మొన్న సాయంత్రం?"

"ఐదోసారి తవ్విన గొయ్యి సారు చూశారు. గోడ పొడవునా చేత్తో తడిమారు. ఇంక చాలు, నువ్వెళ్ళు, నేనే పూడుస్తాను అన్నారు. పొద్దు వాలుతుంటే వచ్చేశాను."

"ఈ మాట ఎవరైనా చెబుతారు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

నత్త ఆయన వంక చూడలేదు. "అమ్మాయ్, గొయ్యి తవ్వినప్పుడు మన్ను ఎక్కడ పోస్తారు?"

పిల్ల తలెత్తింది. నిన్నటినుంచి ఆమెని ఎవరూ అడగని ప్రశ్న అది.

"ముందు గడ్డిని చెక్కలు చెక్కలుగా కోసి నీడలో పెడతాం. తర్వాత మూడు కుప్పలు. పైనుండే నల్లమన్ను గోతి అంచునే పోస్తాం. దాని కిందది పసుపుపచ్చగా ఉంటుంది, అది కొంచెం ఎడంగా. అడుగున సున్నపు గుళ్ళతో తెల్లగా ఉంటుంది. దాన్ని బాగా దూరంగా పోస్తాం, పై మన్నులో కలవకూడదని."

"మరి పూడ్చేటప్పుడు?"

"ఆఖర్న తీసింది మొదట వెయ్యాలి. ముందు తెల్లది, తర్వాత పసుపు, తర్వాత నలుపు. ఒక్కో పొరా వేసి తొక్కాలి. పైన గడ్డి చెక్కలు అతకాలి. తప్పితే సారు మళ్ళీ మొత్తం తీయిస్తారు. 'నేలని అడిగి తెరిచావు, చెప్పి మూయి' అంటారు."

చెబుతున్నంతసేపూ ఆమె చేతులు గాలిలో మన్ను పోస్తూనే ఉన్నాయి. బేడీ గలగలమంది. ఆ చప్పుడుకి ఆగిపోయింది.

"ఆ పొలం అంత ముఖ్యమా?"

"అది చౌడు నేల, పెదనాన్నా. ఉప్పు పైకి తేలి, ఎండాకాలం తెల్లగా మెరిసేది. కలుపు మొక్క కూడా మొలిచేది కాదు. సారు దాన్ని బాగుచెయ్యడానికి వయసంతా పెట్టారు. మా డిపార్ట్‌మెంట్ హెడ్ గారేమో అది ఎన్నటికీ బాగుపడదని రిపోర్టు రాసి పేరు తెచ్చుకున్నారు. రేపు కమిటీ వస్తుంది. హెడ్ గారి మాట నెగ్గితే పొలం మీద కట్టడాలు లేస్తాయి. సారు మాట నెగ్గితే పొలం పొలంలాగే ఉంటుంది." బేడీ వంక చూసుకుంది. "సారు లేకపోతే చెప్పేవాళ్ళెవరూ లేరు. నేనున్నాను గానీ, నేనిక్కడున్నాను."

"పొలంలో ఇంకేమున్నాయి?"

"షెడ్డు, నీళ్ళ ట్యాంకు, వాన కొలిచే డబ్బా. పూర్వం కింది గది ఒకటుండేది."

"కింది గదంటే?"

"నేల కింద కట్టిన గది. పైన పోసిన నీళ్ళు నేలలోంచి వడిసి, అక్కడ సీసాల్లో పడతాయి. ఆ నీళ్ళలో ఎంత ఉప్పు దిగిందో కొలుస్తారు. పైకప్పు బీటలిచ్చిందని మూసేశారు. మా బ్యాచ్‌ని దింపనే లేదు."

"చూశాం, చూశాం," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "తాళం వేసుంది. ఏళ్ళయి తెరవలేదని హెడ్ గారు చెప్పారు. ఆయన లేకపోతే ఈ కేసు ఇంత త్వరగా తేలేది కాదు. సాక్ష్యాలు చెడిపోతాయి, పొలంలోకి ఎవర్నీ రానివ్వొద్దని చెప్పింది కూడా ఆయనే."

"జేసీబీ మాట?"

"అదీ ఆయనదే. కూలీలు పారలతో తవ్వితే రోజంతా పడుతుందన్నారు."

నత్త లేచాడు. లేస్తూ ఆ మాటని జేబులో వేసుకున్నట్టు ఒకసారి చొక్కా జేబు తడుముకున్నాడు.

"నేనూ వస్తాను."

"రండి. ఈమెనీ తీసుకొస్తున్నాను. శవం ఎదురుగా పడితే నిజం దానంతటదే బయటికొస్తుంది."

జీపు కదిలేసరికి వెనక సీట్లో మేనత్త కూడా ఉంది. ఎప్పుడెక్కిందో ఎవరికీ తెలీదు. "దిగండమ్మా" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "దిగుతాను బాబూ, పొలం రాగానే" అంది ఆవిడ.

* * *

పొలం యూనివర్సిటీ భవనాలకి దూరంగా, ముళ్ళకంచె లోపల ఉంది. గేటు దగ్గర కారు ఆగి ఉంది. డిపార్ట్‌మెంట్ హెడ్ ముందే వచ్చేశాడు. మడత నలగని తెల్లచొక్కా, చేతిలో రుమాలు. మట్టి శాస్త్రంలో అంత పెద్దవాడైనా, బూట్లకి మట్టి అంటకుండా నడవడం వచ్చిన మనిషి.

"ఆయన నాకు అన్నగారి లాంటివారు," అన్నాడు రుమాలు కళ్ళకి అద్దుకుని. పిల్ల వంక చూసి తల అడ్డంగా ఊపాడు. "ఏం పని చేశావమ్మా!"

"నేనేం చెయ్యలేదు సార్."

నత్త వాళ్ళని అక్కడే వదిలేసి పూడ్చిన గొయ్యి దగ్గరికి పోయాడు. ఆయన నడకకి ఇన్‌స్పెక్టర్ పళ్ళు నూరుకున్నాడు.

గొయ్యి ఎక్కడుందో గడ్డి అతుకుల వల్ల తెలుస్తోంది. చెక్కకి చెక్క, చాప అల్లినట్టు అతికి ఉన్నాయి. నత్త గొంతుక్కూర్చున్నాడు. ఒక గడ్డిపరకని వేలితో రాశాడు. వేలికి దుమ్ము అంటింది. పక్క పరకా అంతే. వానలు వెనకబట్టి చాన్నాళ్ళయింది. చుట్టుపక్కల గడ్డి కూడా దుమ్ము కప్పుకునే ఉంది.

కానీ ఈ అతుకుల గడ్డి వాడలేదు. వేరు తెగిన గడ్డి ఈ ఎండకి రెండో పూటకే తల వాల్చాలి. ఇది నిలబడి ఉంది.

గడ్డి మొదళ్ళలో ఎర్రచీమలు బారు కట్టాయి. ఒక్కొక్క చీమ నోట్లో తెల్లటి గుడ్డు. అన్నీ కిందనుంచి పైకి వస్తున్నాయి. నత్త ఆకాశం వంక చూశాడు. మబ్బు తునక లేదు.

"చీమల్ని కూడా విచారిస్తారా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ వెనకనుంచి.

"ఇవి అబద్ధం చెప్పవు. గోతిలో నీళ్ళు వస్తేనే గుడ్లు మోస్తాయి."

"నత్తగారూ, జేసీబీ వచ్చేసింది. లేవండి."

గేటులోంచి పసుపుపచ్చ మిషను రొద చేసుకుంటూ లోపలికొచ్చింది. హెడ్ ముందు నడుస్తూ డ్రైవర్‌కి చెయ్యి ఊపుతున్నాడు. "అటు కాదు నాయనా, అటు పైపులున్నాయి. ఇటు తిప్పుకుని రా, ఇటు నేల గట్టి."

నత్త ఆ దారి వంక చూశాడు. గేటు నుంచి గొయ్యి దగ్గరికి తిన్నగా బాట ఉంది. మిషను దాన్ని వదిలి పక్కకి తిరిగి, ట్యాంకు వెనకనుంచి చుట్టు తిరిగి వస్తోంది.

"నాకు కాసింత సేపివ్వండి," అన్నాడు నత్త. "మిషను గోతిలో పెడితే మూడు పొరలూ కలిసిపోతాయి. తర్వాత నేను చూడటానికి ఏం మిగలదు. ఆగర్‌తో చూద్దాం."

ఇన్‌స్పెక్టర్ విసుక్కుంటూ మిషనుని ట్యాంకు అవతలే ఆగమని చెయ్యెత్తాడు. "ఏంటది?"

"పొడుగు కడ్డీ, సార్. చివర మెలి ఉంటుంది, పైన అడ్డపిడి," అంది పిల్ల. "తిప్పుతూ దింపితే, ఏ లోతులో మన్ను ఆ లోతుదే పైకి వస్తుంది. షెడ్డులో ఉంది. కింద మనిషి ఉంటే... తగులుతుంది." ఆ ఆఖరి మాట చాలా మెల్లగా అంది.

"నేరస్తురాలి చేతికి ఇనపకడ్డీ ఇమ్మంటారా?"

"మీరు తిప్పుతారా?" అన్నాడు నత్త.

జీపులో వచ్చిన మహిళా కానిస్టేబుల్ షెడ్డులోంచి ఆగర్ తెచ్చింది. ఇన్‌స్పెక్టర్ తిప్పాడు. మెలి గడ్డి దాటలేదు. ఆయన మొహం మాత్రం ఎర్రబడింది.

"నూరేళ్ళు పడుతుందిలే బాబూ," అంది మేనత్త. "దాని చేతులు విప్పు. పారిపోదు. పారిపోయేదే అయితే ఈ మట్టి చదువులోంచే పారిపోయుండేది, నేనెంత మొత్తుకున్నానో!"

మహిళా కానిస్టేబుల్ బేడీలు విప్పింది. పిల్ల మణికట్లు రుద్దుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి, పిడి పట్టుకుంది. ఒక్క తిప్పు, ఇంకో తిప్పు. నెయ్యిలో వేలు దిగినట్టు దిగింది. పైకి తీసి, మెలిలో చిక్కిన మన్నుని గోనెపట్టా మీద బొటనవేలితో విడిపించి పెట్టింది. మళ్ళీ దింపింది. దింపిన ప్రతిసారీ వచ్చిన మన్నుని ముందు ముద్ద పక్కనే వరసగా పెడుతోంది. ఎక్కడుందో మర్చిపోయింది. ఎందుకొచ్చిందో కూడా మర్చిపోయినట్టుంది.

మూడు చోట్ల దింపింది. మూడుసార్లూ మెలి అడుగున గట్టి నేలకి తగిలి ఆగింది. మధ్యలో దేనికీ తగల్లేదు.

పిల్ల ఊపిరి వదిలింది. "లేరు. సారు ఇందులో లేరు."

పట్టా మీద మూడు వరసలు. నలుపు, పసుపు, తెలుపు. నలుపు, పసుపు, తెలుపు. నలుపు, పసుపు, తెలుపు.

"మనిషిని చంపి పూడ్చేవాడు చేతికందిన కుప్ప ముందు తోస్తాడు," అన్నాడు నత్త. "గోతి అంచునున్నది నల్లమన్ను. వీడెవడో దూరంగా ఉన్న తెల్లమన్ను ముందు మోసుకొచ్చాడు. ఒక్కో పొరా తొక్కాడు. గడ్డి అతికాడు. భయపడే మనిషి పని కాదిది."

"అయితే మట్టి చదువుకున్నవాళ్ళ పనే. ఈ పిల్లదీ అదే చదువు!" ఇన్‌స్పెక్టర్ చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "మీ నోటితోనే ఒప్పుకున్నారు. శవం ఇక్కడ కాకపోతే ఇంకోచోట. పొలమంతా తవ్విస్తాను!" హెడ్ మిషనుని మళ్ళీ రమ్మని చెయ్యి ఊపాడు.

"సుడిగాలీ," అన్నాడు నత్త. పది మందిలో ఆ పేరు పెట్టి పిలవడం అదే మొదలు. "కాస్త వంగి చూడు. పొడి ఎక్కడుంది, తడి ఎక్కడుంది?"

ఇన్‌స్పెక్టర్ అనబోయిన మాట మింగి, వంగాడు. వరసలో మొదటి ముద్ద పొడిగా ఉంది. రెండోది చెమ్మగా ఉంది. మూడోది వేలు పెడితే బురద.

"మీద పొడి, కింద తడి," అన్నాడు నత్త. "ఎవరైనా పైనుంచి నీళ్ళు పోస్తే పరకల మీద దుమ్ము కడుక్కుపోయేది. వాన లేదు. ఈ నీళ్ళు కిందనుంచి వచ్చాయి. చీమలు ఇప్పుడు కదులుతున్నాయంటే, ఇప్పుడే వస్తున్నాయి. ఈ అమ్మాయి నిన్నటినుంచి నీ దగ్గరే ఉంది. అమ్మాయ్, కిందనుంచి నీళ్ళెలా వస్తాయి?"

పిల్ల బురదముద్దని అరచేతిలో పెట్టుకుని చూస్తోంది.

"చిల్లుల గొట్టం. గోతి పక్కనుంచి పోతుంది. మొక్కల వేళ్ళకి కిందనుంచే నీళ్ళివ్వడానికి పూర్వం వేశారు. కానీ దాన్ని తిప్పే చక్రం..."

"ఎక్కడుంది?"

"కింది గదిలో."

మిషను రొద ఒక్కటే దగ్గరవుతోంది.

"తుప్పు పట్టి ఎక్కడో కారుతుండొచ్చు," అన్నాడు హెడ్. రుమాలు ఇప్పుడు కళ్ళ దగ్గర లేదు, మెడ దగ్గరుంది. "పాత గొట్టాలు. ఇన్‌స్పెక్టర్ గారూ, మిషను వచ్చేసింది, పని కానివ్వండి."

నత్త మిషను వస్తున్న వైపు తిరిగాడు. ట్యాంకు వెనక గడ్డిలో ఒక ముక్క మిగతా గడ్డి కంటే పొట్టిగా, పసుపుగా ఉంది. గుండ్రంగా కాదు, వంకరగా కాదు. గుమ్మం తలుపు పడేసినట్టు నాలుగు మూలలుగా. కింద బండ ఉన్నచోట మన్ను పలచన. మన్ను పలచనైనచోట గడ్డి ముందు ఎండుతుంది. పొలం గట్టు మీద పెరిగిన వాడికి అది చెప్పనక్కర్లేదు.

అది బండ కాదు. పైకప్పు. బీటలిచ్చిన పైకప్పు.

మిషను ముందుచక్రం దానివైపే వస్తోంది.

నత్త పరుగెత్తడం ఆ రోజు వరకూ ఎవరూ చూడలేదు. పంచె ఎగ్గట్టి, చెప్పులు ఎక్కడివక్కడ వదిలేసి, పట్టా మీదనుంచి దూకి పరుగెత్తాడు. "ఆపు! ఆపు!" అన్నది రొదలో కలిసిపోయింది. డ్రైవర్ వెనక్కి చూస్తూ వస్తున్నాడు. నత్త పోయి ఆ పసుపు గడ్డి అవతలి అంచున, చక్రానికి ఎదురుగా, రెండు చేతులూ చాపి నిలబడ్డాడు.

బ్రేకు కీచుమంది. పెద్ద చక్రం ఆయన మోకాలికి జానెడు ఎడంలో ఆగింది. చక్రం అంచు మాత్రం పసుపు గడ్డి మీదికి వచ్చేసింది. నేలలో ఎక్కడో పటుక్కుమంది. గడ్డిలో వెంట్రుకంత గీత పాకింది.

"వెనక్కి! మెల్లగా!"

మిషను వెనక్కి పోయింది. రొద ఆగింది. నత్త ఆ గడ్డి పక్కన బోర్లా పడుకుని నేలకి చెవి ఆనించాడు. పిల్ల ఆగర్ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. ఆయన దాన్ని అందుకుని కప్పు మీద మూడుసార్లు కొట్టాడు.

ఏం లేదు.

ఇంకో మూడుసార్లు.

కిందనుంచి వచ్చింది. చాలా సన్నగా, ఇనుము మీద ఇనుము. టక్... టక్... టకటకటక. కాస్త ఆగి మళ్ళీ అదే. టక్... టక్... టకటకటక.

పిల్ల కూడా నేలకి చెవి ఆనించింది. "జల్లెడ దరువు! మట్టి జల్లెడ పట్టేటప్పుడు సారు ఇలాగే కొడతారు. ల్యాబ్‌లో మేమంతా నవ్వుకుంటాం. పెదనాన్నా, సారు! సారున్నారు!"

ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలిసినట్టు లేదు.

ఇన్‌స్పెక్టర్ తన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. అది ఎందుకు తీశాడో కూడా ఆయనకి గుర్తుండకపోవచ్చు. తర్వాత గిరుక్కున తిరిగాడు. "హెడ్ గారూ, ఆ గది తాళంచెవి..."

హెడ్ అక్కడ లేడు. గేటు దగ్గర, కారు పక్కన ఉన్నాడు. తలుపు తీసి పట్టుకుని లోపలికి చూస్తున్నాడు. ఎక్కడం లేదు. ఎక్కడానికి చోటు లేదు. స్టీరింగ్ ముందు మేనత్త కూర్చుని ఉంది.

"ఎక్కడికి బాబూ, ఎండలో?" అంటోంది. "నన్ను కూడా ఊళ్ళో దింపేసి పోదురుగాని."

తాళంచెవి హెడ్ పర్సులోనే దొరికింది. ఇన్‌స్పెక్టర్ నోరు తెరవక ముందే అతని నోరు తెరుచుకుంది. "నేను చంపాలనుకోలేదు. ఆయన లోపలికి దిగారు. తాళం గొళ్ళానికి వేలాడుతోంది. నొక్కానంతే. కమిటీ వచ్చిపోయాక తెరుద్దామనుకున్నాను..."

"మరి మిషను?" అన్నాడు నత్త.

హెడ్ రుమాలుతో మొహం కప్పుకున్నాడు.

* * *

ఇనప తలుపు తెరుచుకుంది. మెట్లమీద ముందుగా ఒక చెయ్యి కనబడింది, గోళ్ళనిండా మట్టితో. ప్రొఫెసర్ ఒక్కొక్క మెట్టే ఎక్కి వచ్చాడు. ఎండకి కళ్ళు మూసుకున్నాడు. మొహం పీక్కుపోయింది. పిల్ల ఆయన జబ్బ పట్టుకుంది.

"గడ్డి వాడిందా?" అన్నాడు. రెండు రోజుల తర్వాత మనిషితో ఆయన మాట్లాడిన మొదటి మాట అది.

"లేదు సార్. పచ్చగా ఉంది."

"చక్రం తిప్పుతూనే ఉన్నాను. ఎవరో ఒకరు చూడకపోతారా, చూసినవాళ్ళకి బుద్ధి పుట్టకపోతుందా అని."

"చూసింది చీమలు," అన్నాడు నత్త. "నేను వాటి వెనక వచ్చాను."

ప్రొఫెసర్ ఆయన వంక చూసి, ఈ మనిషి మనవాడే అన్నట్టు తల ఊపాడు.

"చక్రం తిప్పితే నీళ్ళు గొట్టంలోకే పోతాయి, గదిలోకి రావు కదండీ," అన్నాడు ఇన్‌స్పెక్టర్. అప్పటికే ఫోన్‌లో ఆంబులెన్స్‌కి చెప్పేశాడు. "ఏం తాగి బతికారు?"

ప్రొఫెసర్ మొహం మారింది. ఇంటిదొంగ పట్టుబడ్డట్టు శిష్యురాలి వంక చూశాడు.

"సీసాలు తాగేశానమ్మా."

"ఏ సీసాలు సార్?"

"నేలలోంచి వడిసినవి. ప్రమాదమని మీకెవరికీ చెప్పకుండా, నేనొక్కణ్ణే దిగి పట్టినవి. రేపు కమిటీ ముందు పెట్టాలని దాచినవి. వాటి కోసమే దిగాను. మొదటి రాత్రి ముట్టుకోలేదు. నిన్న మధ్యాహ్నం ఒకటి తాగాను. భయం భయంగా, నాలిక కొసతో." ఆయన పెదవులు నాలికతో తడుముకున్నాడు. "ఉప్పగా లేవమ్మా. చౌడు పొలంలోంచి దిగిన నీళ్ళు. మంచినీళ్ళు. తాగి ఏడ్చాను. ఏడ్చి మళ్ళీ తాగాను. ఒక్కటీ మిగల్లేదు."

జీపు దగ్గర, కానిస్టేబుల్ పక్కన నిలబడ్డ హెడ్ ఆ మాటకి తలెత్తాడు. బేడీలు పడిన మనిషి మొహంలో ఉండకూడని వెలుగు ఒకటి కనబడింది.

"అయితే రేపు కమిటీకి ఏం చూపిస్తారు?" అన్నాడు. "నా రిపోర్టు కాగితం మీదుంది. మీ రుజువు కడుపులో ఉంది. నన్ను జైల్లో పెట్టండి, పొలం మాత్రం పోతుంది."

అది నిజమే.

పిల్ల కింది గది గుమ్మం దగ్గరికి పోయి చెవి పెట్టింది. "సార్, ఇప్పుడు నేల తడిసే ఉంది కదా. మీరే తడిపారు. సీసా పెడితే తెల్లారేసరికి నిండదూ?"

ప్రొఫెసర్ ఆమె వంక చూశాడు. "నిండుతుంది."

"అయితే పెట్టొస్తాను."

"ఆగు," అన్నాడు నత్త. పైకప్పు మీది గీత ఇందాకటి కంటే వెడల్పైంది. గుమ్మం లోపల సున్నం పెళ్ళలు రాలి మెట్ల మీద పడుతున్నాయి. "నువ్వు కాదు. నేనూ కాదు. నేను దిగి ఎక్కేసరికి కప్పు కూలుతుంది." ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాడు. "ఇది సుడిగాలి పని."

ఇన్‌స్పెక్టర్ ఒక్క క్షణం ఆయన కళ్ళలోకి చూశాడు. తర్వాత టోపీ మేనత్త చేతిలో పెట్టాడు. పిల్ల దగ్గర సీసా అందుకున్నాడు.

"ఎక్కడ పెట్టాలి?"

"ఎడమ గోడకి, రెండో గొట్టం కింద. మూతి గొట్టానికి తగలకూడదు సార్. వేలు పెట్టొద్దు, చెమట ఉప్పు."

ఆయన దూసుకుపోయాడు. లోపల ఏదో పెద్దగా రాలింది. దుమ్ము గుమ్మంలోంచి బయటికి పొంగింది. మేనత్త టోపీని గుండెకి అదుముకుంది. నత్త గుమ్మంలోకి ఒక అడుగు వేశాడు.

దుమ్ములోంచి ఇన్‌స్పెక్టర్ తెల్లటి తలతో, దగ్గుతూ బయటపడ్డాడు. చేతులు ఖాళీగా ఉన్నాయి.

"పెట్టాను," అన్నాడు. "వేలు పెట్టలేదు."

అందరూ గుమ్మం దగ్గర నిలబడ్డారు. లోపల చీకటి. ఇంకో పెళ్ళ రాలింది. తర్వాత చాలాసేపు ఏమీ లేదు.

టప్.

పిల్ల సారు చెయ్యి పట్టుకుంది.

టప్.